క్లచ్ తెలియని ఎనిమిదిమంది

2024 జులై ఆఖరి వారం. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో, ఒక ఇండియన్ గ్రాసరీ షాపు పక్కన మెట్లెక్కితే వచ్చే చిన్న గది నా ఆఫీసు. కింద కరివేపాకు, బియ్యం బస్తాలు అమ్ముతారు. పైన నేను ప్రయాణాలు అమ్ముతాను. పదకొండేళ్ళుగా ఇదే పని. అంతకు ముందు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండేదాన్ని, అంటే పక్కవాళ్ళు చేసిన తప్పులు పట్టుకుని జీతం తీసుకునే ఉద్యోగం. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో తప్పు మాత్రం అచ్చంగా నాదే. ముందే ఒప్పేసుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

మాలాంటి ట్రావెల్ ఏజెంట్ల దగ్గరికి ఎక్కువమంది వచ్చేది ఇండియా టికెట్ల కోసం. నేను ఇంకో గిరాకీ కూడా పట్టాను. పాతికకీ ముప్పైకీ మధ్య వయసు పిల్లలకి యూరప్ చూడాలని ఉంటుంది, దారిపొడుగునా పార్టీలు కావాలని ఉంటుంది, ఖర్చు మాత్రం తక్కువలో అయిపోవాలని ఉంటుంది. ఈ మూడూ కుదరాలంటే ఒకటే మార్గం. ఎనిమిదిమంది జట్టు, తొమ్మిది సీట్ల వ్యాన్ ఒకటి, హాస్టల్లో ఒకే గదిలో ఎనిమిది మంచాలు, డ్రైవర్లు వాళ్ళే. దీన్ని సెల్ఫ్‌డ్రైవ్ గ్రూప్ అంటాం. దారి నేను గీసిస్తాను, గదులూ పార్టీ టికెట్లూ నేనే బుక్ చేస్తాను, ఎక్కడైనా ఇరుక్కుంటే ఫోనెత్తుతాను. బస్సు గ్రూపులు అప్పటికే చాలా పంపాను కానీ, సెల్ఫ్‌డ్రైవ్‌లో నాకు ఇదే మొదటి జట్టు.

జట్టుకి పెద్ద నిఖిల్. దగ్గర్లోని యాష్‌బర్న్‌లో పుట్టి పెరిగినవాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం సగం వాక్యం ఇంగ్లీషులోకి జారిపోతుంది. ఎనిమిదిమందిలో వాడితో కలిపి ముగ్గురు ఇక్కడ పుట్టినవాళ్ళు, ఐదుగురు ఎమ్మెస్‌కి వచ్చి ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళు. అందరూ ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో స్నేహితులయ్యారు.

ఆ ఐదుగురిలో శ్రావ్య ఒకతి. ఖమ్మం అమ్మాయి, ఇరవై ఏడేళ్ళు. మూడేళ్ళు వరసగా హెచ్‌వన్ ఉద్యోగ వీసా లాటరీలో పేరు రాలేదు. కంపెనీ వాళ్ళు మంచివాళ్ళు, హైదరాబాద్ ఆఫీసులో సెప్టెంబరు మొదటి వారంలో చేరమన్నారు. ఆమెని సాగనంపడానికే ఈ ప్రయాణం. వియన్నాలో మొదలుపెట్టి ప్రాగ్, లుబ్లియానా, క్రొయేషియా తీరం, బుడాపెస్ట్ చుట్టి పన్నెండు రోజుల్లో మళ్ళీ వియన్నా. అక్కడినుంచి ఏడుగురు తిరిగి అమెరికాకి, శ్రావ్య హైదరాబాద్‌కి. ఆమె యూరప్ వీసా అపాయింట్‌మెంట్ కోసం నేనూ ఆమే కలిసి నాలుగు నెలలు కంప్యూటర్ ముందు కాపలా కాశాం. వీసా చేతికొచ్చిన రోజున కింద షాపులోంచి జిలేబీ తెచ్చి పెట్టింది.

బయల్దేరడానికి మూడు వారాల ముందు అందరినీ ఆఫీసుకి పిలిచి కాయితాలన్నీ ఒకసారి చదివి వినిపించడం నా అలవాటు. శనివారం మధ్యాహ్నం వచ్చారు. కింద షాపులోంచి నాలుగు కుర్చీలు అరువు తెచ్చుకున్నాం, మిగతావాళ్ళు కిందే కూర్చున్నారు. గదులు చదివాను, పార్టీలు చదివాను. ప్రాగ్‌లో నది మీద పడవ పార్టీ, క్రొయేషియాలో బీచ్ పార్టీ, బుడాపెస్ట్‌లో వేడినీళ్ళ కొలనులో పార్టీ. ఒక్కోదానికీ ఈలలు వేశారు. తర్వాత వ్యాన్ కాయితం తీశాను.

"తొమ్మిది సీట్లు, డీజిల్, మాన్యువల్," అని చదివాను.

ఈల రాలేదు.

"అక్కా, మాన్యువల్ అంటే, లైక్, త్రీ పెడల్సా?" అన్నాడు నిఖిల్.

"గేర్ బండి నాయనా. నీకు రాదని నాకు తెలుసులే. డ్రైవర్ల కింద నీ పేరూ తేజ పేరూ ఇచ్చాను. తేజ ఇండియాలో పెరిగినవాడు కదా, మొదట్లో తను నడుపుతాడు, నువ్వు చూసి నేర్చుకో."

తేజ కరీంనగర్ కుర్రాడు, జట్టులో అందరికంటే హుషారు. వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. "అక్కా, ఇండియాల నేను బైక్ నడిపిన. కారు నేర్చుకున్నది డల్లాస్‌ల, మా సీనియర్ కార్ల. ఆటోమేటిక్."

మిగతా నలుగురినీ చూశాను. ఒకరు స్కూటీ, ఒకరు కాలేజీ బస్సు, ఒకరు నాన్న వెనకసీటు. శ్రావ్య తల అడ్డంగా ఊపింది. ఎనిమిదిమందికీ లైసెన్సులున్నాయి. అందరూ ఫారంలో ఐదేళ్ళ అనుభవం, ఆరేళ్ళ అనుభవం అని రాశారు. ఆ అనుభవమంతా రెండు పెడల్స్ మీదే.

నా లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు అర్థమైంది. ఇండియా నుంచి వచ్చినవాళ్ళంటే గేర్ల బండి పుట్టుకతో వచ్చిన విద్య అని నా బుర్రలో పడిపోయింది. కానీ ఈ పిల్లలు ఇరవై రెండేళ్ళకే విమానం ఎక్కేస్తున్నారు. కారు తాళం చేతికి రావడం ఈ దేశంలోనే. ఆ మాటకొస్తే నాకూ తెలియదు. తెనాలిలో నేను నడిపింది సైకిలూ, మా అన్నయ్య మోపెడ్డూ. ఇరవై ఆరేళ్ళప్పుడు వర్జీనియాలో మా ఆయన పక్కన కూర్చుని అరుస్తుంటే నేర్చుకున్నదే నా డ్రైవింగ్. తొమ్మిది సీట్ల వ్యాన్లలో మాన్యువల్ చవకగా కనిపిస్తే, రాకపోవడానికేముందిలే అని నొక్కేశాను. నాకు రాని విద్య ఎదుటివాళ్ళకి వచ్చేసి ఉంటుందని నమ్మేయడం ఎంత సులువో.

వాళ్ళ ముందే ఫోన్లు చేశాను. ఆగస్టులో, అంత పెద్ద వ్యాన్, ఆటోమేటిక్ కావాలంటే వియన్నాలో ఒక్కటీ లేదు. రెండు చిన్న కార్లు తీసుకుందామంటే బడ్జెట్ దాటిపోయింది. రైళ్ళంటే అంతకన్నా ఎక్కువ.

తేజ ఫోన్లో ఏదో వెతుకుతూ అన్నాడు: "కాన్‌కూన్ పోదామా? నాలుగ్గంటల ఫ్లైట్. అక్కడ కూడా బీచ్ పార్టీలే."

మెక్సికో మంచి ఊహే, ఏడుగురికి. శ్రావ్య పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు దాటి ఏడాదైంది. అది లేకపోతే మెక్సికోకి విడిగా వీసా కావాలి, మూడు వారాల్లో అది వచ్చేది కాదని అందరికీ తెలుసు. తేజకి మాట నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది.

"మీరు పోండిరా," అంది శ్రావ్య మామూలుగా. "నేను టికెట్ మార్చుకొని డైరెక్ట్ ఇంటికి పోత. ఎట్లైనా పోవాల్సిందే కదా."

ఆ మామూలుతనమే నన్ను కుదిపేసింది. సిగ్గుపడ్డాను కూడా. నా వల్ల ఆ పిల్ల ప్రయాణం పోతోంది, ఆమె నన్నొక్క మాట అనడంలేదు. "రెండు వారాలు టైమివ్వండి. కాన్‌కూన్ పేరెత్తితే ఊరుకోను," అని అందరినీ పంపించేశాను.

ఆ సాయంత్రం తాళం వేసి దిగుతుంటే షాపు ముందు సువార్తమ్మ గారి కారు ఆగి ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన చిన్న బండి, ఎడమ అద్దానికి టేపు చుట్టి ఉంటుంది. ఆవిడకి అరవై రెండేళ్ళు. ఒక స్కూల్లో పిల్లలకి భోజనాలు వడ్డించే ఉద్యోగం, వేసవిలో సెలవు. ప్రతి క్రిస్మస్‌కీ ఇండియా టికెట్ నా దగ్గరే కొంటారు. కొడుకు కొత్త కారు కొనిస్తానన్నా వద్దన్నారని విన్నాను. ఎందుకు వద్దన్నారో ఆ క్షణం దాకా ఆలోచించలేదు.

"వందనాలండి సువార్తమ్మ గారూ, మీది గేర్ల బండే కదా?"

"ఆయ్. ఆటోమేటిక్ అయితే ఎడం కాలు ఊరికే కూర్చుని తిమ్మిరెక్కిపోతాదండి. ఏం, కొంటారా ఏటి?"

అక్కడే నిలబడి సంగతంతా చెప్పాను. పార్టీల సంగతి దాచుదామనుకుని కూడా చెప్పేశాను. ఆవిడ కరివేపాకు సంచీ సీటు మీద పెట్టి, పెళ్ళికి ముందు తన కొలువు గురించి చెప్పారు. గోదావరి లంకల్లో తిరిగే మిషన్ ఆసుపత్రి జీపులో ఆయాగా ఉండేవారట. కోతల కాలమొస్తే డ్రైవర్ మాయమైపోయేవాడు. పురిటి కేసు వచ్చినప్పుడు వాడి కోసం ఎదురుచూడలేక, ఒక డాక్టరమ్మ పట్టుబట్టి ఈవిడకి జీపు నేర్పించింది.

"బురదలో, గట్టు మీద, నెలలు నిండినమ్మని వెనకాలేసుకుని నడిపానండి. ఈళ్ళకి తారు రోడ్డు మీద నేర్పలేనా? కానీ నాదో షరతుంది. తాగినోడు మర్నాడు స్టీరింగు ముట్టుకోకూడదు. నా దగ్గర నేర్చుకున్నోడికి అది రూలు."

అది ఆవిడ రూలే కాదు, ఆ దేశాల రూలు కూడా. చెక్‌లోనూ హంగరీలోనూ డ్రైవర్ ఒంట్లో మద్యం ఒక్క చుక్క ఉన్నా ఒప్పుకోరు. అంటే ఏ పార్టీలోనైనా తర్వాత రోజు నడపాల్సినవాళ్ళు సోడా తాగుతూ నిలబడాల్సిందే. డబ్బులిచ్చి కొనుక్కున్న పార్టీలో ఎవరు నిలబడతారన్న సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను.

సోమవారం సాయంత్రం నుంచి పాఠాలు మొదలయ్యాయి. సువార్తమ్మ గారి తెలుగు చర్చి వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన చేసుకునే భవనానికి పెద్ద పార్కింగ్ స్థలం ఉంది. మామూలు రోజుల్లో ఖాళీ. ఎండ ఎనిమిది దాటినా పోని రోజులవి. నిఖిల్, తేజ వచ్చారు. నిఖిల్ కార్లో శ్రావ్య కూడా వచ్చి, గట్టు మీద కూర్చుంది. తోడుకి వచ్చానంది.

నిఖిల్ మొదటి రోజు బండిని పదహారుసార్లు ఆపేశాడు. లెక్కపెట్టింది నేనే. వాడి ఎడమ కాలికి ఏ పని ఇచ్చినా బ్రేకు తొక్కినట్టు తొక్కుతుంది. బండి ఒక్క గెంతు గెంతి చచ్చిపోతుంది.

"బాబూ, అలా గెంటేయకు. నిద్రపోయే పసిబిడ్డ తల కిందనించి చెయ్యి తీత్తారు చూడు, అలా తియ్యాల కాలు. నెమ్మదిగా."

"ఆంటీ, ఐ డోంట్ హ్యావ్ ఎ బేబీ."

"ఈ లెక్కన నీకు పిల్లనెవరిత్తారు నాయనా. తియ్యి, మళ్ళీ తియ్యి."

తేజ రెండో రోజు బండిని చర్చి పూలమడి అంచుదాకా తీసుకెళ్ళి ఆపాడు. వాడికి బైక్ అలవాటు. క్లచ్ చేతిలో ఉంటే వస్తుందట, కాలితో మాత్రం రాదట. మూడో రోజు వాడే చెప్పేశాడు: "ఆంటీ, నాతోని కాదు. నేను వెనక కూసోని పాటలు పెడత." అసలు అంత గొడవేముందో చూద్దామని నేనూ ఒకసారి కూర్చున్నాను. మూడుసార్లు ఆపేసి, దిగిపోయి, ఇంకెవర్నీ వెక్కిరించలేదు.

ఆరోజే చర్చి పాస్టర్ గారు ఏదో పని మీద వచ్చి మమ్మల్ని చూశారు. వాళ్ళ యువజనులు ఏటా మిషన్ ట్రిప్పులకి వెళ్తుంటారు. "ఏ దేశంలో సేవకి వెళ్తున్నారమ్మా?" అని సంతోషంగా అడిగారు. నిఖిల్ నా వైపు చూశాడు. నేను చెట్ల వైపు చూశాను.

"సేవ కాదండి, షికారు," అన్నారు సువార్తమ్మ గారు. "అయినా రోడ్డు మీదకెళ్ళేవాళ్ళే కదండి, ఓ ప్రార్థన చెయ్యండి."

ఆయన నవ్వి, బండి మీద చెయ్యి వేసి క్షేమప్రయాణం కోసం ప్రార్థించారు. తేజ కళ్ళు మూసుకుని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

నాలుగో రోజు సువార్తమ్మ గారు గట్టు వైపు తిరిగి శ్రావ్యని పిలిచారు. "రోజూ వత్తన్నావు, అక్కడే కూర్చుంటన్నావు. లేచి రా."

"నా పేరు లిస్ట్‌ల లేదాంటీ."

"లిస్టు సంగతి నన్నడిగావా? నాకు వచ్చు కాబట్టి నేర్పుతన్నాను, రమ్మన్నాను."

ఆమె వచ్చి కూర్చుంది. లైసెన్సు చదువుకునే రోజుల్లోనే తీసుకుంది, కానీ కారు కొనలేదు. ఈ ఐదేళ్ళలో స్టీరింగ్ పట్టుకున్నది చాలా తక్కువ. అదే కలిసొచ్చింది. నిఖిల్ పాదం మర్చిపోవాల్సినవి చాలా ఉన్నాయి, ఈ పిల్ల పాదానికి మర్చిపోవడానికేం లేదు. రెండుసార్లు బండి ఆగింది. మూడోసారి సువార్తమ్మ గారు, "వణికింది, తెలిసిందా? అక్కడ ఆపు కాలు. ఇప్పుడు కుడికాలితో గ్యాస్ తొక్కు," అన్నారు. బండి ఏ గెంతూ లేకుండా కదిలింది. చర్చి చుట్టూ ఒక రౌండు, రెండు రౌండ్లు, మూడో గేరు. కిటికీలోంచి కనిపించిన ఆ మొహాన్ని నేను అంతవరకూ చూడలేదు. నా ఆఫీసుకి ఎప్పుడొచ్చినా వీసా కాయితాలు పట్టుకుని కూర్చున్న మొహమే నాకు తెలుసు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. వ్యాన్ అద్దె కాయితంలో పేరున్న డ్రైవర్లే నడపాలి, వేరేవాళ్ళు పట్టుకుంటే ఇన్సూరెన్స్ చెల్లదు. తేజ తప్పుకున్నాడు. ఇరవై ఐదు నిండి, లైసెన్సుకి రెండేళ్ళు దాటి, క్లచ్ వచ్చినవాళ్ళు ఇద్దరే మిగిలారు. అప్పటికి నిఖిల్‌కీ ఏదో ఒకలా వచ్చింది. రెండో పేరు శ్రావ్యది పెట్టేద్దామని నేను సంబరంగా మిగతా ఏడుగురికీ ఫోన్ చేస్తే, ఒక్కరూ ఒప్పుకోలేదు. మర్నాడు ఆఫీసుకే వచ్చేశారు.

"అక్కా, నో. ఇట్స్ హర్ ట్రిప్," అన్నాడు నిఖిల్. "షీ షుడ్ జస్ట్ చిల్. నేనే మొత్తం డ్రైవ్ చేస్తా. మూడు పార్టీల్లో నేను తాగను. ఐయామ్ ఓకే."

"పన్నెండు రోజులు ఒక్కడివే? మధ్యలో ఆరేసి గంటల దార్లున్నాయిరా."

"రెడ్‌బుల్ తాగుతడు," అన్నాడు తేజ. "మేం మాట్లాడిస్తుంటం. శ్రావ్య ముందల కూసోని ఫొటోలు తీసుకోవాలె, అంతే. ఆమెను మంచిగ చూసుకోవాలె కదక్కా, పోతున్నది."

వాళ్ళ మాటలో ప్రేమ తప్ప ఇంకేం లేదు. నేను కూడా మెత్తబడ్డాను. అన్నాళ్ళూ గట్టు మీద కూర్చున్నట్టే శ్రావ్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె గొంతు పెంచడం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"నన్ను అడిగిన్రా ఎవరన్న?"

అందరూ వెనక్కి తిరిగారు.

"ఐదేండ్లాయె. గ్రాసరీకి పోవాలంటే ఎవరన్న పోతున్నరా అని గ్రూప్‌ల మెసేజ్ పెట్టుడు. రెండు బ్లూ టిక్కులు పడెదాక చూసుడు. ఎయిర్‌పోర్ట్‌కి రైడ్, డాక్టర్ దగ్గరికి రైడ్. ఎప్పుడు తీస్కపోతె అప్పుడు పోవుడు, ఎవరు లేస్తె వాళ్ళతోని లేసుడు. పార్టీల ఇంక కొంచెంసేపు ఉండాలని ఉన్నా ఉండకపోతుంటి, నాకోసం ఆగిన్రని. మీరు ఎప్పుడు ఒక్క మాట అనలే. అనలే కాబట్టే నాకు బరువు. వీసా ఎటూ అయ్యేది కాదని మొదటి ఏడాదే భయం పట్టింది, కారు కొంటే ఎవరికి అమ్మాలె అని కొనలే. ఒక్కసారన్న మిమ్ముల్ని నేను ఎక్కించుకోని తిప్పాలె. నాకు పార్టీల తాగకున్నా ఏం కాదు. ఆ స్టీరింగ్ కావాలె నాకు."

నిఖిల్‌కి ఆ తెలంగాణ మాటలన్నీ అర్థమయ్యాయో లేదో తెలియదు, కానీ అర్థం కావాల్సింది అయింది. "ఐ నెవర్ మైండెడ్ ద రైడ్స్," అన్నాడు చిన్నగా.

"తెలుసురా. నాకు తెలుసు."

నేను కంప్యూటర్ తెరిచి రెండో డ్రైవర్ గడిలో ఆమె పేరు టైప్ చేశాను. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యి కావాల్సి వచ్చింది కాబట్టి ఒంటిచేత్తో టైప్ చేశాను. ఈ దేశానికి వచ్చిన కొత్తలో పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ బయల్దేరేదాకా చీర కట్టుకుని గుమ్మంలో నిలబడిన శనివారాలు నాకూ ఉన్నాయి. మర్చిపోయాననుకున్నాను.

చివరి పరీక్ష మెట్రో స్టేషన్ దగ్గరున్న పార్కింగ్ గరాజ్‌లో పెట్టారు సువార్తమ్మ గారు. దానికి పై అంతస్తులకి ఎక్కే పొడుగాటి వాలు ఉంది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం గేర్ల బండిలో అన్నిటికంటే కష్టం. పైగా ఎనిమిదిమందీ సామానూ ఉంటే వ్యాన్ ఎంత బరువెక్కుతుందో తెలియాలని, షాపులోంచి ఐదు బియ్యం బస్తాలు తెప్పించి డిక్కీలో వేయించారు. నిఖిల్ మొదటిసారి ఒక అడుగు వెనక్కి జారాడు, రెండోసారి నిలబెట్టాడు. శ్రావ్య మొదటిసారే నిలబెట్టింది. "ఇంక ఎల్లండి," అన్నారావిడ. బస్తాలు మళ్ళీ షాపుకి మోసింది మాత్రం తేజ.

ఆగస్టు మధ్యలో బయల్దేరారు. ఆ పన్నెండు రోజులూ ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. వియన్నాలో వ్యాన్ చూసి నిఖిల్ ఫోన్ చేశాడు. ఇది వ్యాన్ కాదక్కా, చిన్న ఇల్లు అన్నాడు. మొదటి చౌరస్తాలో ఒకసారి ఆగిపోయిందట, వెనకాలవాళ్ళు హారన్ కొట్టారట. అంతే, మళ్ళీ ఆగలేదు. ప్రాగ్ పడవ పార్టీలో నిఖిల్ సోడా తాగాడు, మర్నాడు వాడే నడిపాడు. క్రొయేషియా బీచ్ పార్టీలో శ్రావ్య వంతు. తేజ పంపిన వీడియోలో ఆమె చేతిలో నిమ్మకాయ సోడా గ్లాసు పట్టుకుని, ఇసకలో అందరికంటే ముందు వరసలో గెంతుతోంది. ఆ పూట అందరూ ఆమె ఎప్పుడు లేస్తే అప్పుడు లేచారట. ఆమె ఆఖరి పాట దాకా లేవలేదట. సువార్తమ్మ గారికి ఆ వీడియో చూపిస్తే, "గ్లాసులో ఏటుంది?" అని అడిగి, నిమ్మకాయ అని తేలాక రెండోసారి చూశారు.

బుడాపెస్ట్ ఆఖరి పార్టీ దగ్గర మళ్ళీ గొడవపడ్డారు. మర్నాడు వియన్నా ఎయిర్‌పోర్టుకి రెండున్నర గంటల దారి. ఆఖరి పార్టీలోనైనా శ్రావ్య హాయిగా తాగాలనీ, తను మానేస్తాననీ నిఖిల్ పట్టుబట్టాడు. నన్ను తీర్పు చెప్పమని ఫోన్ చేశారు. అక్కడికి నేనే జడ్జీనా, మీరు మీరు తేల్చుకోండని పెట్టేశాను. ఎవరు గెలిచారో అడగాల్సిన అవసరం రాలేదు.

తర్వాత జరిగింది నాకు నిఖిల్ ఆఫీసుకొచ్చి చెప్పాడు. ఏడుగురి ఫ్లైటు మధ్యాహ్నం, శ్రావ్యది సాయంత్రం. వ్యాన్ తాళాలు తిరిగి ఇచ్చేది ఎయిర్‌పోర్టులోనే. అందరం కలిసి వ్యాన్ అప్పజెప్పి, కాఫీ తాగి విడిపోదామని వీళ్ళు అనుకున్నారు. ఆమె మాత్రం తిన్నగా డిపార్చర్స్ గుమ్మం ముందుకి తీసుకెళ్ళి ఆపింది. దిగి, డిక్కీ తెరిచి, ఒక్కొక్కరి బ్యాగూ తనే దించింది. ఐదేళ్ళలో వీళ్ళు ఆమెకి ఎన్నిసార్లు చేశారో, అచ్చం అలాగే. పాస్‌పోర్టులు ఉన్నాయా చూసుకోమంది, ఫోన్ ఛార్జర్ మర్చిపోలేదు కదా అంది. హత్తుకున్నారు. తేజ ఏడ్చాడు. వెనక కార్లు వస్తున్నాయని ఆమె తొందరగా ఎక్కేసింది.

"వి వర్ జస్ట్ స్టాండింగ్ దేర్, అక్కా," అన్నాడు నిఖిల్. "ఏడుగురం, బ్యాగ్స్‌తో. వ్యాన్ స్మూత్‌గా వెళ్ళిపోయింది. ఒక్క జర్క్ లేదు."

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు చేసుకున్నాను. ఏ జట్టు వచ్చినా ఒక్కొక్కరికీ విడిగా, మిగతావాళ్ళు వినకుండా ఫోన్ చేసి, ఈ ప్రయాణంలో నువ్వేం చేయాలనుకుంటున్నావని అడుగుతాను. ఎక్కడికి వెళ్ళాలని కాదు, ఏం చేయాలని. చాలామంది ఏముందక్కా, ఎంజాయ్ చేయడమే అంటారు. అప్పుడప్పుడూ ఒకరు వంట నేను చేస్తానక్కా అనో, దారి నేను చూస్తాననో అంటారు. ఆ ఒక్కరి పేరు పక్కన గుర్తు పెట్టుకుంటాను. ప్రేమగా చూసుకుంటున్నామనుకుంటూ మనం ఎవరి చేతిలోంచి ఏ పని లాగేసుకుంటున్నామో, వాళ్ళు నోరు తెరిచి చెప్పేదాకా తెలియదు. పదకొండేళ్ళలో ఎందరికో దార్లు గీసిచ్చిన నాకు ఆ సంగతి ఒక్క శ్రావ్య వల్లే తెలిసింది.

వ్యాన్ అప్పజెప్పి, తన ఫ్లైటుకి నడుచుకుంటూ వెళ్తూ ఆమె నాకొక మెసేజ్ పెట్టింది. నేను ఆఫీసులో ఎవరికో టికెట్ రాస్తున్నాను. చదివి, ఆ మనిషిని ఒక్క నిమిషం ఆగమన్నాను.

"అక్కా, అందర్ని దింపిన. ఇగ నేను పోత."